వడ్ల బిల్లు కోడ్ చిన్నది చేయాలి, లెక్క మాత్రం పైసా మారొద్దు

మిర్యాలగూడ కుర్రాడు:
ఇక్కడ ఒక రైస్ మిల్లుకి వడ్ల కొనుగోలు బిల్లు సాఫ్ట్‌వేర్ నేను చూసుకుంటున్నా. పైతాన్‌లో ఉంది, రాసినాయన మానేసి వెళ్లిపోయాడు. తేమ, తరుగు, హమాలీ, గోనె సంచి బరువు అన్నీ ఒకే ఫంక్షన్‌లో, ఇఫ్ (షరతు) లోపల ఇఫ్, అందులో ఇంకో ఇఫ్, కింద ఉన్న ఎల్స్ (లేకపోతే) దేనిదో స్కేలు పెట్టి చూసుకోవాలి. శుభ్రం చేద్దామంటే రూపాయి తేడా వచ్చినా రైతులు కాంటా దగ్గరే నిలదీస్తారు. టెస్టులు ఒక్కటీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నా?

నల్లగొండ డెవ్:
ముందు కోడ్ ముట్టుకోకు తమ్మీ. పాత బిల్లుల ఇన్‌పుట్‌లు తీసి ఇప్పుడున్న కోడ్‌కే ఇచ్చి, వచ్చిన జవాబులు ఫైల్‌లో దాచు. అదే నీ టెస్ట్. అందులో తప్పు లెక్క కనిపించినా అలాగే ఉంచి, విడిగా రాసుకుని ఓనర్‌కి చెప్పు, ఎందుకంటే శుభ్రం చేయడం, తప్పు దిద్దడం ఒకే కమిట్‌లో (ఒకసారి సేవ్ చేసే మార్పులో) కలిపితే తేడా దేనివల్ల వచ్చిందో నీకే తెలియదు. తర్వాత తరుగు లెక్కను ఒక్కదాన్నే బయటికి తీసి వేరే ఫంక్షన్ చెయ్, పోల్చు, కమిట్ చెయ్. ఆ తర్వాతే హమాలీ.

పాలమూరు పైతాన్:
పైది కరెక్ట్. నాకు భయం "ఒక్క లైన్‌లో అయిపోతుంది కదా" అనిపించే చోట్లే. తరుగు ఖాళీగా ఉంటే మామూలు రేటు వేయమని నాలుగు లైన్లు ఉంటాయి, దాన్ని 'ఆర్' (or, అంటే 'లేదా') పెట్టి ఒక లైన్ చేస్తావు. ఆపరేటర్ కావాలనే 0 కొట్టినా పైతాన్‌కి అది ఖాళీ కిందే లెక్క, రైతుకి మామూలు రేటు తరుగు కోత పడుతుంది! రౌండ్ కూడా అంతే. పైతాన్ 3లో 2.5ని రౌండ్ చేస్తే 2 వస్తుంది, 3.5కి 4 వస్తుంది. ముందాయన సొంతంగా 0.5 కలిపి ఇంట్ (int, చుక్క తర్వాతి అంకెలు కోసేయడం) చేసి ఉంటే 2.5కి 3 వచ్చేది. వంకరగా ఉందని అది మార్చకు.

సూర్యాపేట:
మొత్తం ఎందుకు మార్చడం? నడుస్తున్నది నడవనివ్వు, ఏ ముక్కలో కొత్త పని పడితే ఆ ముక్కే సర్దు. ఇంకోటి, లాగ్‌లో (సాఫ్ట్‌వేర్ నడిచిన రికార్డులో) కనిపించలేదని ఏ ఇఫ్‌నీ పీకేయకు. వానాకాలం లాగ్ చూసి తీసేస్తే అది యాసంగి వడ్లకు మాత్రమే వాడేదై ఉండొచ్చు, ఏప్రిల్‌లో మిల్లు ముందు ట్రాక్టర్లు లైన్ కట్టినప్పుడు తెలుస్తుంది.

మిర్యాలగూడ కుర్రాడు:
అలాంటి ఇఫ్‌లు రెండు ఉన్నాయి, ఉంచేస్తా. పాత బిల్లులు పెట్టి చూస్తే ఇంకో చిక్కు: కోడ్ లోపలే ఇవాళ్టి తేదీ తీసుకుని దాన్నిబట్టి రేటు వెతుకుతోంది, అందుకే ఏ రోజుకారోజు జవాబు మారుతోంది.

నల్లగొండ డెవ్:
తేదీని ఫంక్షన్‌కి బయటి నుంచి పంపించు, ఏమీ పంపకపోతే ఇవాళ్టిది తీసుకునేలా పెట్టు. మిగతా కోడ్ ఏదీ కదలదు, నీకేమో పాత బిల్లు దాని తేదీతోనే నడుస్తుంది. మొదటి కమిట్ ఇదే చెయ్.