మిరప మొక్క విరగబూస్తోంది, పిందె మాత్రం నిలబడట్లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

మూడుకుండీలు
రెండు కుండీల్లో పచ్చిమిర్చి, ఒకదాంట్లో క్యాప్సికం పెట్టాను. మొక్కలు ఏపుగా పెరిగాయి, ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతోంది. పూత కూడా బాగానే వస్తోంది కానీ తొడిమతో సహా రాలిపోతోంది. చిగుళ్ల దగ్గర ఆకులు కొంచెం ముడుచుకుంటున్నాయి కూడా. కుండీ చిన్నదైందా, ఎరువు చాల్లేదా, విత్తనమే మంచిది కాదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మందులు కొట్టకుండా పని అయితే ఇంకా సంతోషం.

తోటపిచ్చి
ఆకు నిగనిగలాడుతోందని మీరే అంటూ ఎరువు చాల్లేదా అని అడుగుతారేంటండీ? నత్రజని ఎక్కువైతే మిరప ఇలాగే చేస్తుంది. ఆకు మీద ఆకు, కొమ్మ మీద కొమ్మ వేసుకుంటూ పోతుంది, కాయ సంగతి మర్చిపోతుంది. నేనైతే పూత మొదలవగానే పశువుల ఎరువు, నూనె తీసిన చెక్క నానబెట్టిన నీళ్లు అన్నీ బంద్ పెడతాను. పొటాష్ కోసం కట్టెల బూడిద కొద్దిగా చల్లుతాను, అంతే. పోయినసారి కాయల బరువుకి కొమ్మలు విరుగుతుంటే పుల్లలు పాతి కట్టాల్సొచ్చింది.

బాల్కనీరాణి
మాకు ఎరువుతో గొడవే లేదు, మా గొడవంతా ఎండతోనే. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కిందికి దిగకపోయినా మిరప పువ్వులు రాల్చేస్తుంది. ఆ వేడికి పుప్పొడి చచ్చుబడిపోతుంది, ఇంక పిందె ఎక్కడ పడుతుంది? అందరూ పగటి ఎండనే తిడతారు గానీ అసలు దెబ్బ రాత్రి ఉక్కదే. పడమటి గోడ వేడి వదులుతూనే ఉంటుందని కుండీలు దానికి దూరంగా జరిపి, మధ్యాహ్నం షేడ్ నెట్ కట్టాను. వాతావరణం చల్లబడగానే అదే చెట్టు గుత్తులు గుత్తులుగా కాసింది. పీకి పారేయమని సలహా ఇచ్చినవాళ్లందరికీ ఫొటోలు పంపాను.

కారంకాంతం
ఇంత చర్చ ఎందుకండీ. లీటరు నీళ్లకి ఒక చెంచా ఎప్సం సాల్ట్ కలిపి ఆకుల మీద కొట్టండి. పూత నిలబడుతుంది, కాయ అడుగున నల్లబడటం కూడా పోతుంది. నేను ప్రతి వారం కొడతాను.

నల్లమన్ను
మళ్లీ వచ్చిందా ఎప్సం సాల్ట్! దాంట్లో ఉండేది మెగ్నీషియం, గంధకం. కాయ అడుగు నల్లబడేది కాల్షియం అందక. లేనిదాన్ని అది ఎక్కడి నుంచి తెస్తుంది? పైగా మెగ్నీషియం ఎక్కువైతే వేర్ల దగ్గర కాల్షియంకి పోటీ వచ్చి, ఉన్న కాల్షియం కూడా లోపలికి పోనివ్వదు. రోగాన్ని పెంచే మందు ఇది.

కారంకాంతం
నా చెట్టుకి పనిచేసింది. మీరు పుస్తకం చూసి చెబుతున్నారు, నేను చెట్టు చూసి చెబుతున్నాను.

నల్లమన్ను
చెట్టు చూసే అడుగుతున్నాను మేడమ్. కింది ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పడిందా? అలా ఉంటే మెగ్నీషియం లోపం, అప్పుడు మీ ఉప్పు పనిచేస్తుంది, నేనూ ఒప్పుకుంటాను. ఈ ప్రశ్న అడిగినవాళ్ల ఆకు ముదురు పచ్చగా ఉందట. వాళ్లకెందుకు ఇది?

కారంకాంతం
కాల్షియం కోసం గుడ్డు పెంకులు వేరేగా వేస్తాను లెండి. అన్నీ మీకొక్కరికే తెలుసు అన్నట్టు మాట్లాడకండి.

నల్లమన్ను
పెంకులు మట్టిలో కరిగేసరికి ఈ పంట కాదు కదా, వచ్చే పంట కూడా అయిపోతుంది. మెత్తగా పొడి చేసి వేస్తే కొంత నయం. అసలు చాలా కుండీల్లో కాల్షియం ఉంటుంది. అది నీళ్లతో పాటే పైకెక్కుతుంది. ఒకరోజు మట్టి బీటలు వారేలా ఎండబెట్టి, మర్నాడు కుండీ నిండా నీళ్లు పోస్తే కాయ దాకా చేరదు. పైన ఎండుటాకులు పరచి, తేమ ఒకేలా ఉంచితే సగం నల్లమచ్చలు వాటంతటవే తగ్గుతాయి. ఇందులో కొనాల్సింది ఏమీ లేదు, అందుకే ఎవరికీ నచ్చదు.

మొలక
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా నారు మొలిచిన కొద్దిరోజులకే కాండం మొదలు దగ్గర సన్నబడి పడిపోతోంది. ఏం చేయాలి?

కారంకాంతం
నల్లమన్ను గారూ, మీ కుండీల ఫొటో ఒక్కటైనా పెట్టారా ఇప్పటిదాకా? నా మొక్కల ముందు నిలబెట్టి చూద్దాం.

డాక్టర్_మొక్క
మీ ఇద్దరూ ఆపండి. ఈ రంగంలో తలపండినవాణ్ణి, ఎంతోమంది తోటలు నా చేతుల మీదుగా లేచాయి. అసలు తప్పు ఎవరూ పట్టుకోలేదు. మిర్చి పక్కనే క్యాప్సికం పెట్టారు చూడండి, అదీ తప్పు. పుప్పొడి కలిసి క్యాప్సికం కాయలకి కారం ఎక్కుతుంది. రెంటికీ దూరం ఉండాలి.

విత్తుబంగారం
సార్, తలపండినా ఈ మాట మాత్రం పండలేదు. కాయ గోడ, లోపలి తెల్లటి గుజ్జు అంతా తల్లి చెట్టువే. కారం పుట్టేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే ఆ తెల్ల భాగంలో. పక్క చెట్టు పుప్పొడి ఎంత వచ్చి పడినా ఈ కాయ రుచి మారదు. మారేది దాని గింజ. ఆ గింజ నాటితే వచ్చే మొక్క కాయలు కారంగా ఉండొచ్చు.

డాక్టర్_మొక్క
నేను స్వయంగా కొరికి చూశానయ్యా. నాలుక మండింది. దానికేమంటావ్?

విత్తుబంగారం
మీరు నాటిన విత్తనమే ముందటి పంటలో కలిసిపోయి ఉంటుంది అంటాను. ఇంట్లో కాసిన క్యాప్సికం గింజలే దాచి వేశారా? కారం ఉండే గుణం, కారం లేని గుణాన్ని అణిచేస్తుంది, అందుకే మొదటి తరంలోనే బయటపడుతుంది. మిరప తన పుప్పొడితోనే కాయగలదు నిజమే, కానీ తేనెటీగలు తిరిగే చోట కలగలుపు కూడా బాగానే జరుగుతుంది. విత్తనం దాచుకోవాలంటే పువ్వు విచ్చకముందే పల్చటి గుడ్డ సంచి తొడిగి, పిందె పడ్డాక ఆ కాయకి దారం కట్టి గుర్తు పెట్టుకోండి. హైబ్రిడ్ గింజ అయితే ఆ శ్రమ కూడా దండగే, తల్లిలాంటి మొక్క రాదు.

డాక్టర్_మొక్క
చిన్నా పెద్దా లేకుండా పోయింది. నేను ఇంక మాట్లాడను.

తోటపిచ్చి
హమ్మయ్య.

పాతకుండీ
పూత, ఉప్పు, కారం అన్నీ మాట్లాడుకున్నారు, ముడత గురించి ఒక్కరు మాట్లాడితే ఒట్టు! అసలు చూడాల్సింది అదే. ఆకు అంచులు పైకి ముడుచుకుని పడవలా అయితే తామర పురుగు. కిందికి ముడుచుకుని, తొడిమ సాగి, ఆకు సన్నబడితే నల్లి, అంటే మైట్ (మంచాల్లో ఉండే నల్లి కాదు). ఈ తేడా చూడకుండా ఏది కొట్టినా దండగ. రెండూ కాకుండా ఆకులు చిన్నవై, గిడసబారి, మొక్క గుబురుగా ముద్దకట్టిందంటే తెల్లదోమ తెచ్చిన వైరస్. దానికి మందు లేదు, పీకేసి మిగతావాటిని కాపాడుకోవాలి.
తామర పురుగు పువ్వు లోపల కూడా దాక్కుంటుంది. తెల్లకాగితం పట్టుకుని పువ్వుని దాని మీద తట్టండి, సన్నటి గీతల్లాంటివి పరుగెడతాయి. అవి గీకితే పువ్వు రాలుతుంది. అంటే మీ ముడత, మీ పూత రాలడం రెండూ ఒకే రోగం కావచ్చు. నల్లి మాత్రం భూతద్దం లేనిదే కనపడదు.

స్ప్రేవీరుడు
ఏ ముడత అయితే ఏంటి, ఇమిడాక్లోప్రిడ్ పురుగుమందు ఒక్కసారి కొట్టండి, ఖతం.

పాతకుండీ
ఏం ఖతం? అది నల్లిని చంపదు. నల్లిని తినే మిత్రపురుగుల్ని చంపి, నల్లి ఇంకా పెరిగేలా చేస్తుంది. పూత మీద కొడితే తేనెటీగలకి విషం. ఇంట్లో కోసుకు తినే కాయ అది! మందు లేకుండా కావాలని ఆయన మొదట్లోనే రాశారు, చదివి రాయండి.

స్ప్రేవీరుడు
రైతులందరూ కొడుతుంటే లేంది నేనంటే తప్పొచ్చిందా? మీ వేపనూనెతో పురుగు నవ్వుకుంటుంది.

నల్లమన్ను
వేపనూనెని నీళ్లలో తిన్నగా పోస్తే నవ్వుకుంటుంది మరి, అది పైన తేలి ఊరుకుంటుంది. ముందు సబ్బు ద్రావణంలో చిలికి తర్వాత నీళ్లు కలపాలి. లీటరుకి 5 మిల్లీలీటర్లు చాలు. సాయంత్రం, ఆకు అడుగున తడిసేలా.

బాల్కనీరాణి
నల్లి అయితే నీళ్లలో కరిగే గంధకం బాగా పనిచేస్తుంది, లీటరుకి 3 గ్రాములు. కానీ వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకండి, ఆకులు మాడతాయి. మండుటెండలోనూ వద్దు. ఒకే రోజు రెండూ కొట్టి మా పక్కింటావిడ తోటంతా దులిపేసుకుంది.

పిట్టలదొర
పురుగులైతే ఏదో ఒకటి కొట్టొచ్చు, పిట్టలకి ఏం చేస్తారు? పండిన కాయ ఒక్కటి మిగలనివ్వట్లేదు. కారం నీళ్లు చల్లి చూశా, ఇంకా ఎక్కువ వస్తున్నాయి.

విత్తుబంగారం
పిట్టలకి మిరప కారం తెలియదండీ. గింజ అరక్కుండా దూరంగా పడేస్తాయి, మిరపకి కావాల్సిందీ అదే. వల కట్టడం తప్ప మార్గం లేదు. లేదా పచ్చిగానే కోసేయండి. పచ్చిగా కోసేస్తుంటే చెట్టు కొత్త పూత వేస్తూనే ఉంటుంది, పండబెడితే కాపు నెమ్మదిస్తుంది.

మూడుకుండీలు
కాగితం మీద తట్టి చూశాను. పాతకుండీ గారు చెప్పినట్టే పసుపు, నలుపు గీతలు పరుగెత్తాయి! ఆకులు కూడా పైకే ముడుచుకున్నాయి. ఎరువు ఆపేశాను. జిగురు అట్టలు కడదామనుకుంటున్నా, పసుపువా నీలివా? క్యాప్సికం కుండీ మాత్రం మార్చట్లేదు, డాక్టర్ గారు ఏమీ అనుకోవద్దు.

పాతకుండీ
తామర పురుగుకి నీలి అట్ట, తెల్లదోమకి పసుపుది. మొక్క తల కంటే కొంచెం పైన కట్టి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపండి. అట్టతో పురుగు పూర్తిగా పోదు, ఎంత ఉందో తెలుస్తుంది. బాగా ముడుచుకున్న చిగుళ్లు తుంచి కవర్లో కట్టి పారేయండి, కుండీ పక్కన వేయొద్దు. పక్క కొమ్మలు వస్తాయి, వాటికే కాపు.

మొలక
నా నారు సంగతి ఎవరైనా చెప్తారా?

తోటపిచ్చి
నారుకుళ్లు అది. నీళ్లు తగ్గించు, వత్తుగా చల్లకు, గాలి ఆడనివ్వు. పడిపోయిన మొక్కలు ఇంక లేవవు, ఆ మట్టి పారేసి కొత్తగా పోసుకో. కోకోపీట్‌లో వేస్తున్నావా, మట్టిలోనా?