పెద్ద జట్టు ఎదురైనప్పుడు గోల్ ముందు గోడ కట్టాలా, డిఫెండర్ల లైన్ ముందుకు జరపాలా? (మారుపేర్లతో రాసే ఫుట్‌బాల్ అభిమానుల చర్చ)

ఎడమ కాలు:

2022 ప్రపంచ కప్ మ్యాచ్‌లు మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను. నవంబర్ 22న సౌదీ అరేబియా 2-1తో అర్జెంటీనాను ఓడించింది. మర్నాడే కోస్టారికా స్పెయిన్ చేతిలో 0-7తో చిత్తయింది. రెండూ చిన్న జట్లే, రెండింటికీ తగిలినవి తమ స్థాయికి మించిన జట్లే.

సౌదీ కోచ్ హెర్వే రెనార్ తన డిఫెండర్లని దాదాపు మైదానం మధ్య గీత దాకా తీసుకెళ్లి నిలబెట్టాడు. అర్జెంటీనా మొదటి సగంలోనే ఏడుసార్లు ఆఫ్‌సైడ్‌లో (పాస్ ఇచ్చే క్షణానికే డిఫెండర్ల లైన్ దాటి నిలబడి) దొరికింది. మూడుసార్లు బంతి నెట్‌లో పడినా గోల్ ఇవ్వలేదు. అప్పటికి 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని జట్టు అది! కోస్టారికా మాత్రం వెనక్కి తగ్గుతూనే పోయింది. మ్యాచ్ మొత్తంలో ఒక్క షాట్ కూడా కొట్టలేదు.

ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే, చిన్న జట్ల కోచ్‌లు పెద్ద జట్టు పేరు వినగానే పదిమందినీ సొంత బాక్స్ (గోల్ ముందున్న పెనాల్టీ గడి) ముందు ఎందుకు నిలబెడతారు? నా వాదన సూటిగా చెప్తాను. వెనక్కి తగ్గడం అంటే ఓటమిని కాస్త ఆలస్యం చేసుకోవడమే. గెలవాలంటే లైన్ ముందుకు జరపాలి, బంతి ఉన్నవాడి మీదికి వెళ్లాలి.

పాత డిఫెండర్:

మీ బాధ అర్థమైంది గానీ, ఆ రెండు మ్యాచ్‌లు చూసి అంత పెద్ద తీర్పు ఇవ్వకండి. నేను కాలేజీ జట్టుకి నాలుగేళ్లు సెంటర్ బ్యాక్‌గా (డిఫెన్స్ మధ్యలో) ఆడాను. ఒక టోర్నమెంట్‌లో మాకంటే చాలా వేగమైన జట్టు మీద మా కోచ్ హై లైన్ (డిఫెండర్లంతా ముందుకెళ్లి నిలబడటం) ఆడించాడు. మొదటి పది నిమిషాల్లో రెండు గోల్స్ తిన్నాం. వెనక నలభై మీటర్ల ఖాళీ ఉన్నప్పుడు, నీ భుజం పక్కనుంచి ఒకడు దూసుకుపోతుంటే వెనక్కి తిరిగి పరిగెత్తడం ఎంత నరకమో ఆడినవాడికే తెలుసు.

మీరు చెప్పిన సౌదీ మ్యాచే తీసుకోండి. రద్దయిన ఆ గోల్స్‌లో లౌటారో మార్టినెజ్ మొదటిది వీఏఆర్ (వీడియో రిఫరీ) చూసి తీసేశారు. తేడా ఎంత? ఒక చేతి పైభాగం అంత. అది ఇటు పడి ఉంటే సగం సమయానికి అర్జెంటీనాకి 2-0 ఆధిక్యం, మనం ఈ చర్చే పెట్టుకునేవాళ్లం కాదు. ఆ తర్వాత సౌదీ పోలండ్ మీద 0-2తో, మెక్సికో మీద 1-2తో ఓడి ఇంటికి వెళ్లింది.

కోస్టారికా సంగతి కూడా పూర్తిగా చెప్పండి. ఏడు గోల్స్ తిన్న నాలుగు రోజులకే అదే జట్టు జపాన్‌ని 1-0తో ఓడించింది. అప్పుడూ వెనకే నిలబడింది. గోల్ వైపు సరిగ్గా వెళ్లింది ఒకే ఒక్క షాట్, 81వ నిమిషంలో ఫుల్లర్ కొట్టింది.

రాత్రి మ్యాచ్:

జపాన్ మాట వచ్చింది కాబట్టి నాదొకటి. అదే జపాన్ ఆ టోర్నమెంట్‌లో జర్మనీని, స్పెయిన్‌ని ఓడించింది. స్పెయిన్ మీద వాళ్ల దగ్గర బంతి ఉన్నది 18 శాతం కూడా లేదు. బంతి తమ చేతికొచ్చిన కోస్టారికా మ్యాచ్ మాత్రం ఓడారు. బంతి లేకుండా ఆడటం కూడా ఒక విద్యే అని ఒప్పుకోవాలి. వెనక నిలబడిన ప్రతి జట్టునీ పిరికిది అనేయడం అన్యాయం.

ఎడమ కాలు:

పిరికిది అనలేదు నేను. కానీ జపాన్ స్పెయిన్ మీద రెండు గోల్స్ ఎలా కొట్టిందో గుర్తు చేసుకోండి. రెండో సగం మొదలవగానే ఒక్కసారిగా ముందుకెళ్లి, గోల్‌కీపర్ దాకా ప్రెస్ చేసి (బంతి ఉన్నవాడి మీదికి ఎగబడి), 48వ నిమిషంలో దోవాన్, 51వ నిమిషంలో తనాకా. వెనక కూర్చుని కొట్టిన గోల్స్ కావవి. మూడు నాలుగు నిమిషాలు ధైర్యం చేశారు, మ్యాచ్ తిరిగింది. నేనడిగేది కూడా అదే ధైర్యం.

మిడ్‌ఫీల్డ్ పిచ్చి:

మీరంతా లైన్ ఎక్కడ ఉండాలన్న దాని మీదే వాదించుకుంటున్నారు. నాకు లైన్ల మధ్య దూరం ఎంత అన్నదే అసలు ప్రశ్నగా కనిపిస్తోంది. ముందున్న స్ట్రైకర్‌కీ, వెనకున్న డిఫెండర్‌కీ మధ్య ముప్పై మీటర్లకు మించకుండా ఉంటే, ఆ ముప్పై మీటర్ల పెట్టె మైదానంలో ఎక్కడున్నా పని చేస్తుంది. అది యాభై అయితే ఎక్కడున్నా కూలుతుంది. స్పెయిన్ మీద కోస్టారికాకి జరిగింది ఇదే. మొదటి గోల్ చూడండి: బాక్స్ ముందు గావికి ఊపిరి పీల్చుకునేంత ఖాళీ దొరికింది. అతను పైకి లేపిన బంతిని డాని ఓల్మో వీపు గోల్ వైపు పెట్టి అందుకుని, తిరిగి, కొట్టాడు. చుట్టూ డిఫెండర్లున్నారు. బంతి ఉన్నవాడి మీదికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. వెనక్కి తగ్గడం వేరు, బంతిని వదిలేయడం వేరు.

ఇప్పుడు మొరాకో. నాకు ఈ విషయంలో అంతకంటే గొప్ప పాఠం లేదు. ఆ ఏడాది సెమీఫైనల్ దాకా వాళ్లు తిన్నది ఒకే ఒక్క గోల్, అదీ కెనడా మీద తమ డిఫెండర్ కాలికి తగిలి లోపలికెళ్లింది. కోచ్ వాలిద్ రెగ్రాగుయ్ వాళ్లని మైదానం మధ్యలో ఆడించాడు. మరీ పైకి కాదు, మరీ కిందకీ కాదు. స్పెయిన్‌తో మ్యాచ్‌లో ఆ జట్టు సెంటర్ బ్యాక్‌లు బంతి పట్టుకుంటే పట్టుకోనిచ్చారు. స్ట్రైకర్ ఎన్-నెసిరి వాళ్ల జోలికి పోలేదు. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ బుస్కెట్స్‌కి వెళ్లే దారిలో నిలబడ్డాడు. మధ్యలో దారి మూసుకుపోయేసరికి స్పెయిన్ బంతిని పక్కలకి పంపింది. పక్కకి వెళ్లగానే మొరాకో వాళ్లు ముగ్గురు చుట్టుముట్టేవాళ్లు, టచ్‌లైన్ నాలుగో మనిషిలా పని చేసేది. వెనక నలుగురి ముందు మిడ్‌ఫీల్డర్ అమ్రబాత్ ఒక్కడూ కాపలా. స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు ఇచ్చింది, 120 నిమిషాల్లో ఒక్క గోల్ లేదు. పెనాల్టీల్లో కూడా ఒక్కటీ పడలేదు, మొరాకో 3-0తో గెలిచింది.

ఆ మ్యాచ్ నేను నిలబడే చూశాను, కూర్చోలేకపోయాను. డిఫెన్స్ ఇంత అందంగా ఉంటుందా అని ఆ రోజే తెలిసింది నాకు.

గ్లవ్స్:

గోల్‌కీపర్‌గా ఒక మాట. బాక్స్‌లో పదిమందిని నింపితే భద్రం అనుకునేవాళ్లు ఒకసారి కీపర్ స్థానంలో నిలబడి చూడాలి. ముందు కాళ్ల అడవి. షాట్ బయల్దేరింది కనిపించదు, మనవాడి తొడకి తగిలి దిశ మార్చుకున్నాక కనిపిస్తుంది. 2018లో ఇరాన్ స్పెయిన్ మీద ఎంత పట్టుదలగా ఆడింది! చివరికి గోల్ ఎలా వచ్చింది? ఇరాన్ డిఫెండర్ బంతిని బయటికి తన్నబోతే డియెగో కోస్టా కాలికి తగిలి లోపలికెళ్లింది. దురదృష్టం అంటారు అందరూ. అంతసేపు బంతి బాక్స్ చుట్టూ తిరుగుతుంటే ఇలాంటిది ఒకటి జరగడం దురదృష్టం కాదు, అది జరిగి తీరుతుంది. అందుకే నా ఓటు ఎడమ కాలుకే. పూర్తిగా హై లైన్ కాకపోయినా సరే, లైన్‌ని బాక్స్ నుంచి పదిహేను మీటర్లు బయట పెట్టండి. వెనకపడే బంతుల సంగతి మేం బయటికొచ్చి చూసుకుంటాం.

పాత డిఫెండర్:

గ్లవ్స్ గారూ, మీరు చూసుకుంటారు, కాదనను. వెనకపడిన బంతిని ముందుకొచ్చి తన్నే కీపర్ అన్ని చిన్న జట్లకీ ఉండాలిగా. ఇంకో సంగతి. క్లబ్ జట్టు రోజూ కలిసి సాధన చేస్తుంది. జాతీయ జట్టు ఏడాదిలో నాలుగైదుసార్లు, ఒక్కోసారి పది రోజులు కలుస్తుంది. నలుగురు డిఫెండర్లు ఒకే క్షణంలో అడుగు ముందుకెయ్యాలంటే ఒకరి ఊపిరి ఒకరికి తెలియాలి. ఒక్కడు అర సెకను ఆలస్యం చేస్తే ఆఫ్‌సైడ్ ట్రాప్ కాస్తా మనకే ఉచ్చు అవుతుంది. సౌదీకి అది కుదిరిందంటే, ఆ జట్టులో అందరూ సొంత దేశపు లీగ్‌లోనే ఆడేవాళ్లు, చాలామంది అల్ హిలాల్ అనే ఒకే క్లబ్ వాళ్లు. ప్రపంచ కప్ ముందు వారాల తరబడి కలిసి ఉన్నారు. ఆ వీలు ఎన్ని జట్లకి ఉంటుంది?

వెనకుండి ఆడటం త్వరగా నేర్పొచ్చు. ఐస్‌లాండ్ 2016 యూరోలో (యూరప్ దేశాల కప్) రెండు నాలుగుల వరసలు, ముందు ఇద్దరు, అంతే. అయిదు మ్యాచ్‌లకీ అదే పదకొండు మంది. పోర్చుగల్‌తో 1-1, తర్వాత నీస్‌లో ఇంగ్లండ్ మీద 2-1. నాలుగో నిమిషంలోనే రూనీ పెనాల్టీ గోల్ తిన్నా కంగారు పడలేదు. రెండు నిమిషాల్లో సమం చేశారు, అదీ పొడుగాటి త్రో-ఇన్ నుంచి.

బెంచ్ బలం:

కానీ అన్నా, 2016 లెక్కలు ఇప్పుడు పనికిరావు. అప్పుడు మ్యాచ్‌కి ముగ్గురు సబ్‌స్టిట్యూట్‌లే, ఇప్పుడు అయిదుగురు. పెద్ద జట్టు 65వ నిమిషంలో కొత్తగా నలుగురిని దించితే, గంటసేపు అటూ ఇటూ జరిగి జరిగి కాళ్లు బరువెక్కిన డిఫెండర్ ఏం చేస్తాడు? బంతి వెంట పరిగెత్తేవాడికి, బంతిని పరిగెత్తించేవాడికి అలసట ఒకేలా ఉండదు. 2014లో ముగ్గురు సబ్‌లున్న రోజుల్లోనే ఇరాన్ అర్జెంటీనాని 90 నిమిషాలు ఆపి, ఇంజురీ టైమ్‌లో మెస్సీ గోల్ తింది. ఆ రాత్రి ఇరాన్ ఆటగాళ్ల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

రాత్రి మ్యాచ్:

అయిదు సబ్‌లు చిన్న జట్లకీ ఉపయోగమే. జర్మనీ మీద జపాన్ గోల్స్ కొట్టిన దోవాన్, అసానో ఇద్దరూ బెంచ్ నుంచి వచ్చినవాళ్లే. సగం సమయంలో జపాన్ కోచ్ మోరియాసు కుబోని తీసి తోమియాసుని దించి, వెనక ముగ్గురితో ఆడటం మొదలుపెట్టాక వింగ్‌ల మీద ఖాళీలు మూసుకుపోయాయి. వెనక ఒక డిఫెండర్‌ని పెంచితే ఆట మరింత ముందుకెళ్లింది! ఇది చాలామంది గమనించరు.

పదో నంబర్:

ఇలాంటి ఆటని మెచ్చుకోవడం నాకు చేతకాదు, క్షమించండి. 2004లో గ్రీస్ యూరో గెలిచినప్పుడు నేను చిన్నవాణ్ణి, ఏడుపొచ్చింది. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ మూడూ 1-0. మూడూ తలతో కొట్టిన గోల్సే. ఫుట్‌బాల్ అంటే ఇదేనా?

మిడ్‌ఫీల్డ్ పిచ్చి:

ఫ్రాన్స్, చెక్, పోర్చుగల్ వరసగా ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయాయంటే దాని వెనక ఎంత పనుందో చూడండి. కుడి వైపునుంచి క్రాస్‌లు, కార్నర్లు, ఎత్తైన చరిస్టియాస్, డెల్లాస్. గ్రీస్ కోచ్ ఒట్టో రెహాగెల్ తన దగ్గర ఉన్నవాళ్లతో ఏది సాధ్యమో అదే ఆడించాడు. లేని మెస్సీని ఎక్కడినుంచి తెస్తాడు? మీకు నచ్చకపోవడం మీ ఇష్టం, తప్పు మాత్రం అనకండి.

నాకు కష్టంగా అనిపించేది వేరే. పెద్ద జట్టుని చూసి చివరి క్షణంలో తన ఆట మార్చుకోవడం. మొరాకో ఫ్రాన్స్‌తో సెమీఫైనల్‌లో అప్పటిదాకా నలుగురితో ఆడిన డిఫెన్స్‌ని అయిదుగురు చేసింది. గాయాల గొడవ కూడా ఉంది, అగెర్డ్ ఆట మొదలుకాకముందే తప్పుకున్నాడు. అయిదో నిమిషంలోనే తియో ఎర్నాండెజ్ గోల్ కొట్టాడు. 21వ నిమిషంలో సైస్ గాయంతో బయటికెళ్లాక మళ్లీ నలుగురి డిఫెన్స్‌కి వచ్చారు, అక్కడినుంచి ఫ్రాన్స్‌కి చెమటలు పట్టించారు. మొదటి నుంచీ అలాగే ఆడి ఉంటే అన్న బాధ నాకు ఇంకా పోలేదు.

పాత డిఫెండర్:

ఎడమ కాలు గారూ, మీకో చిన్న పని. సౌదీ మ్యాచ్ రెండో సగం మళ్లీ చూడండి. 53వ నిమిషంలో అల్ దౌసరి గోల్ తర్వాత లైన్ ఎక్కడుందో గమనించండి.

ఎడమ కాలు:

రాత్రి చూశాను. మీరు చెప్పింది నిజం. రెండో గోల్ తర్వాత లైన్ వెనక్కి జరుగుతూ వచ్చింది. చివరికి దాదాపు బాక్స్‌లోనే ఉన్నారు. మొదటి సగంలో ఏడుసార్లు ఆఫ్‌సైడ్ అయిన అర్జెంటీనా రెండో సగంలో మూడుసార్లే అయింది. సౌదీ కీపర్ అల్ ఒవైస్ ఎన్ని ఆపాడో! ఇంజురీ టైమ్‌లో అల్వారెజ్ కొట్టిన బంతిని సౌదీ డిఫెండర్ అల్ అమ్రి గోల్ గీత మీద తలతో బయటికి పంపాడు. ఆ భాగం నేను మర్చిపోయాను. నాకు మొదటి సగమే గుర్తుండిపోయింది.

కాబట్టి ఒకటి ఒప్పుకుంటున్నాను. చివరి ముప్పై నిమిషాలు గోల్ ముందు గోడ కట్టడం రాని జట్టు పెద్ద జట్టుని ఓడించలేదు. అయితే సౌదీ రెండు గోల్స్ 48, 53 నిమిషాల్లో వచ్చాయి, ఇంకా లైన్ పైన ఉన్నప్పుడు. మొదటి నిమిషం నుంచే బాక్స్‌లోకి వెళ్లి ఉంటే ఆ రెండూ వచ్చేవి కావు. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

పాత డిఫెండర్:

మార్చుకోవద్దు. లైన్ ఎప్పుడు వెనక్కి జరపాలి అన్నది మాట్లాడదాం ఇక. నా అనుభవంలో అది కోచ్ బెంచ్ మీదినుంచి చెప్పే లోపే ఆలస్యమైపోతుంది. వెనకున్న సెంటర్ బ్యాక్ ఒకడు గొంతు చించుకుని అరవాలి. సౌదీ మ్యాచ్‌లో ఆ అరిచినవాడెవడో తెలుసుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది. 53 నుంచి 60 దాకా మరోసారి చూసి ఎవరైనా చెప్పండి.