రీజియొనల్‌లీగా బెర్లిన్ (1963–74) రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

పాత జర్మన్ ఫుట్‌బాల్ గురించి తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త దారి చూపించండి. 1963లో పశ్చిమ జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లీగా మొదలైనప్పుడు దాని కింద ఐదు ప్రాంతీయ లీగులు (రీజియొనల్‌లీగాలు) పెట్టారు: నార్డ్ (ఉత్తరం), వెస్ట్ (పడమర), స్యూడ్‌వెస్ట్ (నైరుతి), స్యూడ్ (దక్షిణం), బెర్లిన్. స్యూడ్ గురించి సమాచారానికి కొదవ లేదు, బయర్న్ మ్యూనిక్ 1965లో బుండెస్‌లీగాకు వచ్చింది అక్కడి నుంచే కదా. నాకు కావాల్సింది బెర్లిన్‌ది. చుట్టూ గోడ, ఒక్క పశ్చిమ బెర్లిన్ జట్లతోనే లీగ్ మొత్తం!

1965లో డబ్బు చెల్లింపుల గొడవలో బెర్లిన్ క్లబ్ హెర్తాను బుండెస్‌లీగా నుంచి దించేశారు. ఆ చోటు బెర్లిన్ లీగ్ విజేత టెన్నిస్ బొరూసియాకు కాకుండా, స్పాండావర్ ఎస్‌వీ వద్దన్నాక, టాస్మానియా అనే మరో బెర్లిన్ క్లబ్బుకు వెళ్లింది. పాపం, 34 మ్యాచుల్లో గెలిచింది రెండే, తిన్న గోల్స్ 108. మొదటి మ్యాచ్‌కి ఒలింపిక్ స్టేడియంలో 80 వేలకు పైగా జనం, జనవరిలో మ్యోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్‌తో ఆడినప్పుడు 827 మంది. ఈ కథ అందరూ రాశారు. మిగతా సీజన్ల సంగతే ఎవరూ పట్టించుకోలేదు.

అప్పటి బెర్లిన్ పత్రికల్లో వారం వారం స్కోర్లు, ప్రేక్షకుల సంఖ్య వేసినవి ఏవి? వాటి స్కాన్లు ఇంట్లో కూర్చుని చూసే వీలుందా? ఇంకోటి, 1974లో రెండో బుండెస్‌లీగా పెట్టినప్పుడు అందులో చోటు కోసం బెర్లిన్ క్లబ్బులకు పాయింట్లు ఎలా లెక్కగట్టారో వివరంగా చెప్పగలరా? జర్మన్‌లో ఉన్నా పర్వాలేదు, మెల్లగా చదువుకుంటాను.