‘మామూలు చీర’ అంటే తక్కువ చేసినట్టా?

మొన్న మా అత్తయ్య కొత్త చీర చూపించి, ఎలా ఉందమ్మా అని అడిగారు. ఆకుపచ్చ మంగళగిరి నేత, సన్నటి జరీ అంచు. రోజూ కట్టుకోవడానికి హాయిగా ఉంటుందన్న ఉద్దేశంతో ‘మామూలు చీరే కదా అత్తయ్యా, బాగుంది’ అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

మామూలు అంటే ఎప్పటిలాంటిది, వాడుకలో ఉన్నది అనే కదా? అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. జ్వరం తగ్గి ‘మామూలు మనిషయ్యాడు’ అంటే సంతోషమే. ‘మామూలోడు కాదు’ అంటే మెచ్చుకోలు. ‘మామూళ్లు’ అంటే మాత్రం లంచాలు! మరి వస్తువు ముందు చేరిస్తే చిన్నచూపు ఎందుకు ధ్వనిస్తుంది? ‘సాదా చీర’ అనుంటే సరిపోయేదా? మీ వైపు ఏమంటారో దయచేసి చెప్పండి, ఆవిడతో మళ్లీ మాట్లాడాలి.