నల్ మూవ్ పెట్టాక ఎండ్‌గేమ్‌లో తప్పు ఎత్తులు

ప్రశ్న:
సి++లో చెస్ ఇంజిన్ రాస్తున్నాను. మొదటి పొజిషన్ నుంచి పర్ఫ్ట్ (ఇన్ని ఎత్తుల లోతుకి ఎన్ని ఆటవరసలు వస్తాయో లెక్కపెట్టే పరీక్ష) 6కి 11,90,60,324 కరెక్ట్‌గానే వస్తోంది, ఆల్ఫా-బీటా (ఫలితం మార్చలేని కొమ్మల్ని వదిలేసే వెతుకులాట) కూడా బాగానే నడుస్తోంది. నల్ మూవ్ ప్రూనింగ్ (వంతు వదిలేసి చూసి, దాన్నిబట్టి కొమ్మలు కత్తిరించడం) పెట్టాక స్పీడ్ బాగా పెరిగింది కానీ, రాజులూ బంట్లూ మాత్రమే మిగిలితే గెలిచే ఆటను డ్రా చేసుకుంటోంది. ఎక్కడ చూడాలి?

జవాబు 1:
అది జుగ్‌జ్వాంగ్ అండీ, అంటే ఏ ఎత్తు వేసినా నష్టమే అయ్యే స్థితి. వంతు వదిలేసినా నాదే పైచేయి, కాబట్టి ఈ కొమ్మ పూర్తిగా చూడక్కర్లేదు అన్నదే నల్ మూవ్ లెక్క. బంట్ల ఎండ్‌గేమ్‌లో ఒక్కోసారి ఎత్తు వేయాల్సి రావడమే నష్టం కాబట్టి ఆ లెక్క అక్కడ చెల్లదు. వంతు ఉన్నవాళ్లకి రాజు, బంట్లు కాక ఇంకో పావు ఉంటేనే వాడండి. చెక్‌లో ఉన్నప్పుడు వద్దు, వరసగా రెండుసార్లు అసలే వద్దు.

జవాబు 2:
నల్ మూవ్ వేసేటప్పుడు హ్యాష్ కీలో (పొజిషన్‌ని గుర్తుపట్టే సంఖ్య) వంతు మార్చి, ఆన్‌పాసాన్ గడి (రెండు గళ్లు దూకిన బంటును దాటిన గడిలో కొట్టే వీలు) తీసేస్తున్నారా? అది కూడా చూడండి. స్పీడే కావాలంటే మాత్రం ముందు ఎత్తుల వరస సరిచేయండి: హ్యాష్ ఎత్తు (ఇదే పొజిషన్‌కి ముందే దాచుకున్న మంచి ఎత్తు), తర్వాత చిన్న పావుతో పెద్ద పావును కొట్టేవి, ఆపైన కిల్లర్లు (అదే లోతులో పక్క కొమ్మల్ని కత్తిరించిన ఎత్తులు). వరస బాగా కుదిరితే ఆల్ఫా-బీటా అంతే టైంలో దాదాపు రెట్టింపు లోతు చూడగలదు.

జవాబు 3:
ఒక్క పొజిషన్ చూసి తేల్చేయకండి. పాత వెర్షన్‌తో వేల గేములు ఆడించి ఎస్‌పీఆర్‌టీ (కొత్తది నిజంగా మెరుగో కాదో గేముల ఫలితాలతో తేల్చే గణాంక పరీక్ష) పెట్టండి, స్టాక్‌ఫిష్ అనే పేరున్న చెస్ ఇంజిన్ వాళ్లూ అలాగే చేస్తారు.