అప్‌డేట్: అమ్మతో జార్జియా వెళ్లొచ్చాం

అమ్మ పూర్తి శాకాహారి, జార్జియా గ్రూప్ టూర్‌లో తిండికి ఇబ్బంది పడుతుందేమోనని అడిగాను కదా. పోయిన వారమే తిరిగొచ్చాం. "సమర్ఖ్వో" అని అడగమన్నవారికి చేతులెత్తి దండం. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు లేకుండా తినే వంటకి అదే పేరు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ తీరిపోయింది. మట్టికుండలో తెచ్చే లోబియో మన రాజ్మాకి దగ్గరగా ఉంటుంది. అక్రోట్ ముద్ద పెట్టి చుట్టిన వంకాయ, పైన దానిమ్మ గింజలు... అమ్మ రోజూ అదే అడిగింది! రాజ్మా లాంటి గింజలు కూరిన లోబియానీ రొట్టెలో మాత్రం కొన్నిచోట్ల పంది మాంసం కలుపుతారు, కనుక్కుని తీసుకోండి.

తూర్పు జార్జియాలోని కాఖేతి ప్రాంతంలో క్వెవ్రీలు చూశాం. మూతిదాకా భూమిలో పాతిన పెద్ద మట్టి బానలవి. ద్రాక్షరసం తొక్కలు, గింజలతో సహా అందులోనే పులిసి వైన్ అవుతుంది. 2013లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వ జాబితాలో చేర్చింది. అమ్మ వంగి ఆ అంచు తడిమి, "మా అమ్మమ్మ వాళ్ల ధాన్యం పాతర గుర్తొస్తోందిరా" అంది.

రాత్రి విందులో తమదా, అంటే విందు పెద్ద, పోయినవాళ్ల పేరున గ్లాసు ఎత్తాడు. అమ్మ దానిమ్మ రసం పట్టుకుని నాన్నని తలుచుకుంది. బల్లంతా నిశ్శబ్దం.

మ్త్స్‌ఖేతా అనే పాత పట్టణంలోని చర్చిల్లో ఆడవాళ్లు తల కప్పుకోవాలి. అమ్మకి చీర కొంగే సరిపోయింది.