కవాసాకి థీసిస్: కరోనరీ జెడ్ స్కోరు ఏ ఫార్ములాతో వేయాలి?

పీజీ_గుంటూరు:
పీఐసీయూలో (పిల్లల ఐసీయూ) ఐవీఐజీ (నరం ద్వారా ఇచ్చే యాంటీబాడీల మందు) ఎక్కించిన కవాసాకి (జ్వరంతో రక్తనాళాలు వాచే జబ్బు) పిల్లల పాత కేస్ షీట్లు తిరగేస్తున్నాను. ఒక బిడ్డ ఎల్ఏడీ (గుండె ముందువైపు కరోనరీ ధమని) వెడల్పు 2.6 మి.మీ. ఒక కాలిక్యులేటర్లో జెడ్ (ఆ సైజు పిల్లల సగటుకు ఎంత దూరమో చెప్పే అంకె) 2.7, ఇంకోదాంట్లో 2.3. ఏది రాయాలి?

హృదయరేఖ:
రెండూ వద్దు, ఒక్కటే. కొబయాషి ఫార్ములా గానీ డల్లేర్ ఫార్ములా గానీ ప్రోటోకాల్‌లో ముందే రాసేసి, అందరికీ మిల్లీమీటర్ల నుంచి మళ్లీ లెక్కకట్టండి. రిపోర్టులోని జెడ్ ఎత్తి రాయకండి. 2017 అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వర్గీకరణలో జెడ్ 2 నుంచి 2.5 లోపు డైలటేషన్ (వెడల్పు పెరగడం) మాత్రమే, 2.5 నుంచి 5 లోపు చిన్న ఎన్యూరిజం (రక్తనాళం ఉబ్బు). ఫార్ములా మారితే మీ బిడ్డ జబ్బు పేరే మారిపోతుంది!

అసలు గండం బిడ్డ పొడవు దగ్గర, జెడ్ లెక్కకు బీఎస్ఏ (ఒంటి ఉపరితల వైశాల్యం, చ.మీ.లలో) కావాలి కాబట్టి. 10 కిలోలు, 75 సెం.మీ. బిడ్డకు మోస్టెల్లర్ సూత్రం ప్రకారం బీఎస్ఏ 0.46. ఎవరో 57 అని తిరగేసి రాస్తే 0.40. రక్తనాళం అదే, జెడ్ మాత్రం పైకి లేస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలను పడుకోబెట్టి ఇన్‌ఫాంటోమీటర్‌తోనే (పొడవు కొలిచే బల్ల) కొలవాలి.

ఎకో_బెజవాడ:
ఎకోలో రక్తనాళం కొలత లోపలి అంచు నుంచి లోపలి అంచుకు, కొమ్మ చీలే చోటుకు దూరంగా. గెయిన్ (ఎకో బొమ్మ వెలుగు) ఎక్కువ పెడితే గోడ ఉబ్బి లోపలి ఖాళీ సన్నగా కనిపిస్తుంది. ఎల్ఎంసీఏ (ఎడమ ప్రధాన కరోనరీ ధమని) ఒక్కటే వెడల్పుగా ఉంటే ఎన్యూరిజం అనేయకండి, అది పుట్టుకతో వచ్చిన తేడా కావచ్చు. "కరోనరీలు నార్మల్" అని మాట మాత్రమే రాసిన రిపోర్టు మిస్సింగ్ (కొలత లేనట్టు) కిందే లెక్క. ఎకో వీడియో క్లిప్పులు దాచి ఉంటే, చికిత్స వివరాలు తెలియని మనిషితో మళ్లీ కొలిపించండి.

సుబ్బు_పీఐసీయూ:
2020, 2021 షీట్లు విడిగా పెట్టండి. ఎంఐఎస్-సీ (కోవిడ్ తర్వాత పిల్లల్లో వచ్చే వాపు జబ్బు) పిల్లలకూ ఐవీఐజీ పడింది, కలిస్తే అంతా కలగాపులగమే. జబ్బులో మొదటి రోజంటే జ్వరం మొదలైన రోజు, అడ్మిషన్ రోజు కాదు. ఐవీఐజీ కిలోకు 2 గ్రాములు పదో రోజు లోపు పడిందా అన్నది దీన్నిబట్టే తేలుతుంది. వాపు తగ్గిందా అని చూసే రక్తపరీక్షల్లో, ఐవీఐజీ తర్వాత ఈఎస్ఆర్ దానంతటదే పెరుగుతుంది, సీఆర్‌పీ చూడండి. ఇంకోటి, పీఐసీయూకి వచ్చేది ఎక్కువగా షాక్ (రక్తపోటు పడిపోవడం) లాంటి తీవ్ర స్థితిలో ఉన్నవాళ్లు. మీ ఫలితాలు వార్డు పిల్లలందరికీ వర్తిస్తాయని రాస్తే వైవాలో దొరికిపోతారు.

పీజీ_గుంటూరు:
మంచిది సార్. పొడవు అసలే రాయని షీట్లు?

హృదయరేఖ:
ఆరు వారాల ఫాలోఅప్ కార్డులో ఉంటే అది వాడండి. ఏడాది బిడ్డ అప్పటికి ఒకటిన్నర సెం.మీ. పెరుగుతాడు, బీఎస్ఏ తేడా ఒక శాతం. అదీ లేకపోతే జెడ్ గడి ఖాళీగా వదిలేయండి, వయసును బట్టి పొడవు ఊహించి నింపకండి.